మోర్గాన్ వెండి డాలరు కొనే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికా పాత వెండి నాణెమైన ఈ డాలరును అంచుల దగ్గర మాత్రమే పట్టుకోవాలి. వెండి సామానును చింతపండుతో తోమే మన ఇంటి అలవాటును దీని దగ్గరికి రానివ్వకూడదు. తోమిన నాణెం ఎంత మెరిసినా నాణేలు సేకరించేవారి దృష్టిలో దాని విలువ పడిపోతుంది.

బరువు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు ఉన్నాయో లేదో సరిచూడాలి. అయస్కాంతానికి అంటుకుంటే అది నకిలీయే.

ఈ పాత డాలర్లను 1878 నుంచి 1904 వరకు, తిరిగి 1921లో ముద్రించారు కనుక సంవత్సరంతో పాటు వెనుకవైపు ఆకుల దండ కింద ఉండే టంకశాల అక్షరాన్ని (ఏ టంకశాలలో ముద్రించారో తెలిపే గుర్తును) భూతద్దంతో పరిశీలించాలి. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల 1,00,000 నాణేలే ముద్రించింది. అందువల్ల ఏ అక్షరమూ ఉండని అదే ఏటి ఫిలడెల్ఫియా టంకశాల నాణేనికి, శాన్‌ఫ్రాన్సిస్కో గుర్తైన ‘ఎస్’ అక్షరం అతికించి అమ్మే మోసగాళ్లున్నారు.

నాణెం ఎంత బాగా నిలిచి ఉందో చెప్పే గ్రేడును 1 నుంచి 70 వరకు ఉండే షెల్డన్ స్కేలుపై నిర్ణయిస్తారు. 60, ఆపైన ఉన్నవి చలామణిలో అరగనివి. అరుగుదల ముందుగా ముందువైపు స్త్రీ ముఖచిత్రంలో చెవి పైనున్న జుట్టులో, వెనుకవైపు గద్ద రొమ్ముపై కనిపిస్తుంది. అయితే న్యూ ఆర్లియన్స్ టంకశాల నాణేల్లో చాలావాటికి అచ్చే బలహీనంగా పడింది కాబట్టి, ఆ భాగాల్లో సహజమైన మెరుపు మిగిలి ఉందో లేదో చూడకుండా అరిగిందని తేల్చకూడదు.

ధర ఎక్కువైతే, నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ సంస్థ ధ్రువీకరణ సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకున్నాకే డబ్బు చెల్లించాలి.