షెడ్డు పని అయ్యాక బ్రేకు లైటు వెలిగితే

షెడ్డులో పని చేయించుకుని తాళం తిప్పితే మీటరు బోర్డులో ఎర్ర దీపం. అడిగితే, "ఏటీ కాదండీ, ఆయిల్ పోసేసాం, రెండ్రోజుల్లో అదే ఆరిపోద్ది" అంటారు. ఆ మాట పట్టుకుని శ్రీకాకుళం నుంచి విశాఖ హైవే ఎక్కేయకండి. ఆ దీపం వెలగడానికి ఉన్న కారణాలు కొన్నే. పనికి ముందు లేనిది పని తర్వాత వచ్చిందంటే, మొదట వెతకాల్సింది మెకానిక్ చెయ్యి పడిన చోట. ఏ చక్రం విప్పారు, ఏ పైపు కదిపారు, ఏ వైరు ఊడదీశారు అన్నది అడిగి తెలుసుకుంటే సగం పని అయినట్టే.

ముందు పెడల్ తొక్కండి

లైటు సంగతి తర్వాత. బండి నిలిపిన చోటే, ఇంజన్ ఆన్‌లో ఉంచి బ్రేకు తొక్కి పట్టుకోండి. పెడల్ పైనే గట్టిగా ఆగితే మిగతావి నిదానంగా చూసుకోవచ్చు. మెత్తగా లోపలికి దిగి, రెండు మూడుసార్లు కొడితే పైకొస్తుందంటే, లైన్లో గాలి ఉండిపోయింది, లేదా వెనక చక్రం డ్రమ్ములో రాసుకుని బండిని ఆపే షూలను సర్దకుండా డ్రమ్ము మూసేశారు. తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి జారిపోతోందంటే, ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు తోసే భాగం) లోపలి రబ్బరు వాషర్లు పట్టడం లేదు.

ఎర్ర దీపంతో పాటు పెడల్ కూడా దిగుతుంటే పక్క వీధికైనా ఆ బండి నడపొద్దు. మాస్టర్ సిలిండర్‌లో రెండు వేర్వేరు లైన్లు ఉంటాయి. ఒకటి పోయినా రెండోది కొంత ఆపుతుంది. ఆ కొంతనే చూసి "బ్రేకు పడుతోంది కదా" అనుకుంటారు. బండి ఆగే దూరం బాగా పెరిగిపోతుంది. ఏడు రోడ్ల జంక్షన్ రద్దీలో ఆ పెరిగిన దూరం మీకు దొరకదు. మెకానిక్‌నే బండి దగ్గరికి పిలిపించండి, లేదా టోయింగ్ చేయించండి.

ఒక్క సందర్భం వేరు. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిస్టన్‌ను వెనక్కి నొక్కుతారు. ఆ తర్వాత మొదటి రెండు మూడు తొక్కుళ్లు నేల దాకా పోవడం మామూలే. షెడ్డు వాళ్లే పెడల్ కొట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే, గేరు వేసే ముందే మీరు కొట్టి గట్టిపరచుకోండి.

ఎర్రదా, పసుపుదా

వృత్తంలో ఆశ్చర్యార్థకం గుర్తుతో ఉండే ఎర్ర దీపం చాలా బండ్లలో రెండు పనులు చేస్తుంది: హ్యాండ్‌బ్రేక్ వేసి ఉందని చెబుతుంది, బ్రేక్ ఆయిల్ తగ్గిందనీ చెబుతుంది. ఏబీఎస్ అని రాసి ఉండే పసుపు దీపం వేరు. అదొక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, సడన్ బ్రేకులో చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు మాత్రం ఉండదు. రెండూ కలిసి వెలిగితే ముందు వెనక చక్రాలకు బలం పంచే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే లాక్ అయి, తడి రోడ్డు మీద బండి తోక తిరుగుతుంది. ఈ జంటను ఎర్ర దీపమంత గట్టిగానే పట్టించుకోవాలి.

లక్షణం: ఎర్ర దీపం, పెడల్ బాగుంది, ఆయిల్ నిండుగా ఉంది

హ్యాండ్‌బ్రేక్ లివర్‌ను కొంచెం ఎత్తి, కిందికి గట్టిగా నొక్కండి. దీపం ఆరినా, మిణుకుమన్నా దోషం అక్కడే. లివర్ అడుగున చిన్న స్విచ్ ఉంటుంది. లివర్ పూర్తిగా దిగితేనే అది నొక్కుకుని దీపం ఆరుతుంది. సీటు కవర్లు వేయించినా, మధ్య కన్సోల్ విప్పి మ్యూజిక్ సిస్టం పెట్టించినా ఆ స్విచ్ పక్కకు జరుగుతుంటుంది. సరిచేసి బిగిస్తే చాలు.

వెనక షూలు మార్పించిన తర్వాత వచ్చిందంటే మాత్రం లోతుగా చూడాలి. రాజాంలో మా బావగారి కారుకు ఇదే జరిగింది. డ్రమ్ములో షూలను అడ్జస్టర్‌తో సర్దకుండా, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగించి ఆ లూజు తీసేశారు. లివర్ అడుగు దాకా దిగదు, దీపం ఆరదు. అంతకంటే చెడ్డది, షూలు ఎప్పుడూ డ్రమ్ముకు రాసుకుంటూనే ఉంటాయి. నాలుగైదు కిలోమీటర్లు పోయి దిగి, వెనక చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి (తాకొద్దు). ఒకటి వేడి కొడుతుంటే అదే. పరిష్కారంలో వరుస ముఖ్యం: ముందు కేబుల్ పూర్తిగా వదులు చేయాలి, తర్వాత లోపల అడ్జస్టర్‌తో షూలు సర్దాలి, చివర్లో కేబుల్ బిగించాలి. లివర్ దించి, వెనక చక్రం జాకీ మీద ఎత్తి తిప్పితే ఇబ్బంది లేకుండా తిరగాలి.

బటన్‌తో పనిచేసే హ్యాండ్‌బ్రేక్ ఉంటే, వెనక ప్యాడ్లు మార్చే ముందు బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో సర్వీసు మోడ్‌లో పెట్టాలి. ఆ పరికరం లేని షెడ్డులో ఈ పని పెట్టించకండి.

లక్షణం: ఎర్ర దీపం, ఆయిల్ తక్కువ

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది, బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంది. కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్‌ను వెనక్కి నొక్కితే ఆ ఆయిల్ మళ్లీ డబ్బాలోకి వస్తుంది. అంటే కొత్త ప్యాడ్లు వేశాక మట్టం పెరగాలి. తగ్గి కనిపిస్తే ఆ ఆయిల్ ఎటో పోయిందన్నమాట. బ్రేకు లైన్లోంచి గాలి తీసేటప్పుడు బయటికి పోయిన ఆయిల్ మళ్లీ పోయలేదా, లేక ఇప్పుడు కారుతోందా? ఈ ప్రశ్నకు జవాబు రాకుండా డబ్బా నింపి దీపం ఆర్పేయడం నాకు ససేమిరా ఇష్టం లేని పని. ఆ దీపం ఉన్నదే ఆ ప్రశ్న అడగడానికి.

బండిని చదును నేల మీద పెట్టి, నాలుగు చక్రాల లోపలి వైపున అట్టముక్కలు పరిచి, ఇంకొకరితో పెడల్ పదేపదే తొక్కించండి. టార్చి వేసి చూడండి. విప్పిన చక్రాన్నే ముందు చూడాలి. కాలిపర్‌కు హోస్ పైపు బిగించే బోల్టుకు రెండు వైపులా రాగి వాషర్లు ఉంటాయి; పాతవే మళ్లీ వేస్తే అక్కడ చెమ్మ వస్తుంది. గాలి తీసిన నిప్పిల్ సరిగా బిగియకపోయినా అంతే. వెనక డ్రమ్ము లోపలి అంచు నుంచి టైరు మీదికి తడి దిగితే వీల్ సిలిండర్ కారుతోంది; ఆయిల్ తాగిన షూలను తుడిచి వాడకూడదు, మార్చాల్సిందే. పరిష్కారం కొత్త వాషర్లో, సిలిండరో ఏదైనా, గాలి తీయడం మాత్రం తప్పదు.

క్లచ్ పని చేయించుకున్నవాళ్లకు ఒక మాట. చాలా కార్లలో హైడ్రాలిక్ క్లచ్ కూడా బ్రేక్ డబ్బా నుంచే ఆయిల్ తీసుకుంటుంది. బ్రేకులు ముట్టుకోకపోయినా దీపం వెలిగిందంటే అక్కడ చూడండి.

మట్టం డబ్బా మీది మిన్ (కనీస మట్టం) గీత దగ్గర ఉంటే దీపం అప్పుడప్పుడే వెలుగుతుంది. విజయనగరంలో చదును రోడ్డు మీద ఏమీ ఉండదు, ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి మలుపుల్లో మిణుకుమంటుంది. వాలులో ఆయిల్ ఒకవైపు ఒరిగి, లోపలి తేలుడు బిళ్ల కిందికి దిగుతుంది. ఘాట్ దిగే ముందే దాని సంగతి తేల్చుకోండి.

మట్టం నిండుగా ఉండీ దీపం వెలుగుతుంటే, డబ్బా దగ్గరున్న కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీయండి. ఎక్కువ కార్లలో అప్పుడు దీపం ఆరితే తేలుడు స్విచ్ పాడైందని అర్థం. ఆరకపోతే హ్యాండ్‌బ్రేక్ స్విచ్ వైపు వెళ్లండి. పరీక్ష అయ్యాక కప్లర్ మళ్లీ పెట్టడం మరవద్దు.

ఏం పోశారో కూడా అడగండి. డబ్బా మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. కొత్త డాట్ 4 మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి. తేమ పీల్చిన తర్వాతి ప్రమాణం 155 డిగ్రీలే. సముద్రం దగ్గరి గాలిలో ఎప్పుడో తెరిచి ఉంచిన డబ్బాలోంచి పోయించుకోకండి, కొత్త సీలు విప్పించండి. ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పొరపాటున పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బుతాయి. మూత కింది రబ్బరు ఉబ్బి వంకర పోవడం దానికి తొలి గుర్తు. అప్పుడు కడిగి సరిపెట్టడం కుదరదు. మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా రబ్బర్లన్నీ మార్చాలి. ఖర్చు ఎక్కువే, అయినా ఇందులో బేరం లేదు.

లక్షణం: ఏబీఎస్ దీపం

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఈ దీపం ఇప్పుడు అందరికీ ఎదురవుతుంది. బేరింగు, షాక్ అబ్జార్బర్, యాక్సిల్ పని తర్వాత వస్తే ఆ చక్రం సెన్సర్‌నే అనుమానించండి. ఎప్పుడు వెలుగుతోందో గమనించండి. తాళం తిప్పినప్పటి నుంచి ఆరకుండా ఉంటే తరచుగా కప్లర్ పెట్టకపోవడమో, వైరు తెగడమో. ముందు ఆరి, బండి కాస్త వేగం అందుకోగానే వెలిగితే, సెన్సర్‌కు కరెంటు అందుతోంది, చక్రం తిరుగుడు మాత్రం అందడం లేదు. సెన్సర్ ముక్కుకు ఇనుప రజను పట్టి ఉండొచ్చు. గుడ్డతో తుడిస్తే పోతుంది. చాలా కొత్త బేరింగులకు ఒకవైపే అయస్కాంతపు వలయం ఉంటుంది. దాన్ని తిరగేసి బిగిస్తే సెన్సర్‌కు ఏమీ కనబడదు, బేరింగు మళ్లీ విప్పాల్సిందే. సెన్సర్ వైరును షాక్ అబ్జార్బర్ క్లిప్పులో పెట్టకుండా వదిలేస్తే టైరుకు రాసుకుని కొన్నాళ్లకు తెగుతుంది, కాబట్టి స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడండి. కళింగపట్నం, భావనపాడు వైపు తీరం వెంబడి తిరిగే బండ్లలో కప్లర్ పిన్నులకు పచ్చటి తుప్పు పట్టడం కూడా చూడాలి.

బ్యాటరీ మార్చాక ఏబీఎస్, స్టీరింగ్ దీపాలు కలిసి వస్తే మొదట టెర్మినళ్ల బిగువు చూసి, ఖాళీ రోడ్డు మీద కొంత దూరం తిన్నగా నడపండి. పోకపోతే స్కానర్ పెట్టించండి. అందులో వచ్చే కోడు చూడకుండా చెరిపేయనివ్వకండి, ఏ చక్రమో చెప్పేది అదే.

రిపేరు అయ్యాక

మార్కర్ పెన్నుతో ఆయిల్ మట్టం దగ్గర గీత పెట్టండి. ఖాళీ రోడ్డు మీద ఇరవై ముప్ఫై వేగంలో నాలుగైదుసార్లు ఆపి, బండి ఒక పక్కకు లాగుతోందా చూడండి. మర్నాడు ఉదయం బండి కదపక ముందు గీత, చక్రాల కింద నేల చూడండి. మట్టం గీత కిందికి దిగి ఉంటే డబ్బాలో ఆయిల్ పోయకుండా, బండిని అక్కడే ఉంచి పని చేసిన మనిషినే పిలవండి.