తేలికైన కారు బాడీ మీద డోర్ సరిగ్గా కూర్చోవాలంటే: హింజ్ పిల్లర్ నుంచి స్ట్రైకర్ దాకా

డోర్ కిందికి జారిందంటే తప్పు ఎక్కువసార్లు డోర్‌ది కాదు, అది వేలాడుతున్న పిల్లర్‌ది. బాడీ బరువు తగ్గించేవాళ్లు ముందుగా చేయాల్సిన పని, ఏ చోట లోహం కోయకూడదో గుర్తు పెట్టుకోవడం. ఆ చోట్లు ప్రతి డోర్‌కూ మూడే: రెండు హింజ్‌లు, ఒక స్ట్రైకర్ (డోర్ మూసినప్పుడు దాని లాచ్, అంటే తాళం కొక్కెం, పట్టుకునే కడ్డీ).

లెక్క ఇలా మొదలుపెట్టండి. డోర్ 20 కిలోలు, దాని గరిమనాభి హింజ్ పిన్నుల గీతకు 450 మి.మీ. దూరంలో ఉందనుకుందాం. హింజ్‌ల మీద పడే భ్రామకం (తిప్పే ప్రభావం) సుమారు 88 న్యూటన్-మీటర్లు. హింజ్‌ల మధ్య ఎడం 400 మి.మీ. ఉంటే పై హింజ్‌ను 220 న్యూటన్లు లాగుతాయి, కింది హింజ్‌ను అంతే బలం పిల్లర్‌లోకి నెడుతుంది. ఎడం 300 మి.మీ.కి తగ్గితే అదే డోర్‌కు ఆ బలం 294కి చేరుతుంది. తెరిచిన డోర్‌ను పట్టుకుని ఒకరు లేచారనుకోండి. 1000 మి.మీ. దూరంలో ఉన్న చివర మీద 1000 న్యూటన్లు పడితే, 400 మి.మీ. ఎడం ఉన్న హింజ్‌ల మీద మరో 2500 న్యూటన్లు తోడవుతాయి. అందుకే హింజ్‌ల మధ్య ఎడం, డోర్ పొడవులో కనీసం మూడో వంతు ఉండేలా చూడండి. ఒక్క గ్రాము లోహం కలపకుండా వచ్చే బలం ఇదొక్కటే, కాబట్టి స్టైలింగ్ గీతలు ఖాయం కాకముందే ఆ చోటు అడిగి తీసుకోవాలి.

తర్వాత పిల్లర్. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు: హై స్ట్రెంగ్త్ స్టీలు వాడుతున్నాం కదా, మందం తగ్గించవచ్చనుకుంటారు. స్టీలు ఏ గ్రేడ్ అయినా దాని స్థితిస్థాపక గుణకం (సాగకుండా, వంగకుండా ఎదురొడ్డే గుణం) 205–210 గిగాపాస్కల్ దగ్గరే ఉంటుంది. గ్రేడ్ పెరిగితే శాశ్వతంగా వంగడం ఆలస్యమవుతుందే తప్ప, బరువు పడినప్పుడు ఊగడం తగ్గదు. హింజ్ పట్టిన ముఖం 0.1 డిగ్రీ తిరిగితే చాలు, 1000 మి.మీ. దూరంలోని లాచ్ 1.7 మి.మీ. దిగిపోతుంది. అల్యూమినియం గుణకం 70 గిగాపాస్కల్ మాత్రమే. చదునైన షీట్ వంగకుండా ఉండాలంటే 1.44 రెట్లు మందం సరిపోతుంది, బరువు సగమే అవుతుంది. ఈ లాభం ప్యానెల్‌కే. షీట్ తన తలంలోనే లాగబడే చోట మందం మూడు రెట్లు కావాలి, అప్పుడు బరువులో మిగిలేదేమీ ఉండదు. అలాంటి చోట్ల అల్యూమినియం వాడాలంటే సెక్షన్ పెంచాలి.

పిల్లర్‌ను మూసిన పెట్టె సెక్షన్‌గా చేయండి. ప్రతి హింజ్ వెనకా 1.5 నుంచి 2 మి.మీ. రీఇన్‌ఫోర్స్‌మెంట్ (బలం కోసం వేసే అదనపు రేకు) పెట్టి, లోపలి ప్యానెల్‌నూ బయటి ప్యానెల్‌నూ కలిపే అడ్డుగోడ ఒకటి వేయండి. ఆ అడ్డుగోడ లేకపోతే రీఇన్‌ఫోర్స్‌మెంట్ ఎంత మందంగా ఉన్నా పెట్టె మొత్తం లోపలికీ బయటికీ ఊపిరి తీసుకున్నట్టు కదులుతుంది. స్పాట్ వెల్డ్‌లు వెల్డ్ గన్ పట్టేంత చోటు వదిలి, బోల్ట్‌కు వీలైనంత దగ్గరగా రావాలి. డోర్ లోపలి ప్యానెల్‌కు టైలర్ వెల్డెడ్ బ్లాంక్ (వేర్వేరు మందాల షీట్లను ముందే వెల్డ్ చేసిన రేకు) వాడితే హింజ్ వైపు 1.2–1.4 మి.మీ., మిగతా అంతా 0.7 మి.మీ. చాలు. బలం పరీక్షను మర్చిపోవద్దు: ఐక్యరాజ్యసమితి గ్లోబల్ టెక్నికల్ రెగ్యులేషన్ 1 ప్రకారం హింజ్‌లు పొడవు దిశలో 11,000 న్యూటన్లు, అడ్డంగా 9,000 న్యూటన్లు తట్టుకోవాలి.

గ్యాప్ (డోర్ చుట్టూ ఉండే సందు) డ్రాయింగ్‌లోనే నిర్ణయమవుతుంది

డోర్‌ను ఆరు పాయింట్లతో పట్టండి: లోపలికి-బయటికి కదలకుండా మూడు (రెండు హింజ్‌లు, లాచ్), పై హింజ్ దగ్గర గుండ్రని పిన్నుతో ముందు-వెనక, ఎత్తు రెండూ, లాచ్ వైపు పొడుగు స్లాట్‌తో ఎత్తు ఒక్కటి. ప్రెస్సింగ్‌లో, వెల్డ్ ఫిక్స్చర్‌లో, కొలిచే చోట కూడా ఇవే పాయింట్లు వాడాలి. ఒక్కో దశలో ఒక్కో పాయింట్ పట్టుకుంటే కొలత బాగుంటుంది, కారు బాగుండదు.

హింజ్ రంధ్రాలు ఎప్పుడు పొడుస్తారన్నది ఇంకా ముఖ్యం. ఒక్కో చోట రాగల తేడా పిల్లర్ ±0.5 మి.మీ., బాడీ ఫ్రేమింగ్ (ప్యానెళ్లను కలిపి బాడీగా వెల్డ్ చేయడం) ±0.5, డోర్ అంచు ±0.3, హింజ్ ±0.3 అనుకుంటే వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే ±0.82 మి.మీ. అదే రంధ్రాలను బాడీ మొత్తం వెల్డ్ అయ్యాక, డోర్ ఓపెనింగ్‌ను ఆధారంగా పట్టి ±0.3తో పొడిస్తే మొదటి రెండూ ఒకటైపోయి ±0.52కి దిగుతుంది. 4 మి.మీ. గ్యాప్‌లో ఆ తేడా కంటికి తెలుస్తుంది.

సర్దుబాటు కావాలంటే రీఇన్‌ఫోర్స్‌మెంట్ వెనక కదిలే ట్యాపింగ్ ప్లేట్ (బోల్ట్ బిగిసే మరలున్న పలక) పెట్టి, ఎం8 (8 మి.మీ.) బోల్ట్‌కు 12 మి.మీ. రంధ్రం ఇవ్వండి. చుట్టూ 2 మి.మీ. కదులుతుంది. అంత పెద్ద రంధ్రాన్ని బోల్ట్ తల సరిగా కప్పాలి కాబట్టి వెడల్పాటి ఫ్లాంజ్ ఉన్నదే వాడండి, లేకపోతే అల్యూమినియం నలిగి బిగువు పోతుంది. హింజ్ కింద మందంగా పేరుకున్న పెయింట్ కూడా ఇదే పని చేస్తుంది: కొన్నాళ్లకు అణిగి, బోల్ట్ వదులై డోర్ దిగుతుంది.

బిగించే వరుస

స్ట్రైకర్ తీసేయండి. అది ఉంటే డోర్‌ను ఎత్తి పట్టి తప్పును దాచేస్తుంది. వెనక డోర్‌ను క్వార్టర్ ప్యానెల్‌కు (వెనక చక్రం చుట్టూ ఉండే బాడీ ప్యానెల్), ముందు డోర్‌ను వెనక డోర్‌కు సరిచేసి, ఫెండర్‌ను (ముందు చక్రం మీది ప్యానెల్) చివర పెట్టండి. అద్దం, స్పీకర్, ట్రిమ్ ఇంకా ఎక్కకపోతే లాచ్ చివరను కావాలనే కొంచెం పైకి ఉంచాలి. ఎంతో తెలియాలంటే ఆ భాగాల బరువును డోర్‌కు వేలాడదీసి ఎంత దిగిందో కొలవండి. బీడింగ్ (డోర్ చుట్టూ ఉండే రబ్బరు సీల్) కూడా డోర్‌ను బయటికి నెడుతుంది, ఫ్లష్ (పక్క ప్యానెల్‌తో ఒకే మట్టంలో ఉండడం) కొలతలో ఆ లెక్క కలపండి.

ముందు డోర్ జారిందని గ్యాపే చెబుతుంది: వెనక అంచున పైన ఇరుకు, కింద వెడల్పు, ఫెండర్ వైపు దీనికి తలకిందులు. అప్పుడు పై హింజ్‌ను ముందుకు జరపండి. నాలుగు వైపులా గ్యాప్ సమానంగా ఉండి ఫ్లష్ మాత్రమే తప్పితే లోపలికి-బయటికి జరిపే బోల్ట్‌లు చూడండి. ఒకసారి ఒక హింజ్‌నే వదులు చేయాలి, రెండూ కలిపి వదిలితే ఆధారం పోతుంది.

స్టీలు బాడీకి అల్యూమినియం డోర్ అయితే పెయింట్ ఓవెన్ గుర్తుంచుకోండి. 160 డిగ్రీల పెరుగుదలకు మీటరు అల్యూమినియం, మీటరు స్టీలు కంటే సుమారు 1.8 మి.మీ. ఎక్కువ సాగుతుంది. డోర్ లోపల పొడవాటి స్టీలు బీమును రెండు చివర్లా గట్టిగా బిగించి ఓవెన్‌లోకి పంపితే, ప్యానెళ్లను అతికించే జిగురు అక్కడే గట్టిపడి చల్లారాక బయటి ప్యానెల్‌పై అలలు కనిపిస్తాయి. ఒక చివర స్లాట్ ఇవ్వండి, లేదా ఓవెన్ తర్వాత బిగించండి. రెండు లోహాలూ తాకే చోట సీలెంట్, పూత ఉన్న బోల్ట్‌లు తప్పనిసరి. తడి తగిలితే ముందు తినేసుకుపోయేది అల్యూమినియమే.

స్ట్రైకర్‌ను అన్నిటికన్నా చివర బిగించి, డోర్‌ను మెల్లగా మూస్తూ లాచ్ దానిపై ఎక్కే క్షణంలో వెనక అంచును గమనించండి. అంచు పైకి లేచినా, కిందికి దిగినా స్ట్రైకర్ ఎత్తు తప్పు. స్ట్రైకర్‌ను సరిచేయండి, హింజ్‌ల జోలికి మళ్లీ వెళ్లొద్దు.