బరంపురంలో వంటిల్లు మార్పించాలా? డిజైనర్‌తో పని ఇలా చేయించుకోండి

డిజైనర్‌ని పిలిచే ముందు ఫోన్లో దాచుకున్న మాడ్యులర్ కిచెన్ ఫొటోలు పక్కన పెట్టండి. ఆయనకు కావలసింది మీ ఇంటి లెక్క. వంట ఎవరు చేస్తారు, వాళ్ల ఎత్తెంత, గ్రైండర్ ఎక్కడ, గ్యాస్ బండ ఎక్కడ, ఏటా పెట్టే ఆవకాయ జాడీలెన్ని, అన్నిటికన్నా పెద్దది ఎంత పొడుగు? ఒక కాగితం మీద రాసివ్వండి. జాడీ ఎత్తు చెప్పకపోతే అరలన్నీ స్టీలు డబ్బాల కొలతకే వస్తాయి, జాడీలు మంచం కిందికి చేరతాయి.

తర్వాత కొలతలు. ఇల్లు చూడకుండా డ్రాయింగ్ ఇస్తామనేవాళ్లకు అడ్వాన్సు కట్టకండి. ఇక్కడి పాత వీధుల్లో చాలా ఇళ్లకు పక్క గోడ పొరుగింటిదే. చిమ్నీ గొట్టం పెరటివైపో డాబా మీదికో పోవాల్సిందే, వంపులు పెరిగేకొద్దీ పొగ లాగడం తగ్గుతుంది. అందుకే ముందు గొట్టం దారి, ఆ తర్వాతే పొయ్యి చోటు. గట్టు ఎత్తు మామూలుగా 32 నుంచి 34 అంగుళాలు. వండే మనిషిని నిలబెట్టి, మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందికి వచ్చేలా చూసుకోండి.

డిజైనర్ విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో వస్తుంటే, సైటుకు ఎన్నిసార్లు వస్తారో, దారి ఖర్చులెవరివో ముందే రాయించుకోండి. ఆయనది తెలుగు, మేస్త్రీది ఒడియా అయితే మధ్యలో దుబాసీ పని మీకే పడుతుంది! నోటిమాట నమ్ముకోకుండా అంకెలు వేసిన డ్రాయింగ్ గోడకు అంటించండి. పైపులు, కరెంటు పాయింట్లు చాక్‌పీసుతో గోడ మీద గీయించి, ఓవెన్‌కి 16 ఆంపియర్ల సాకెట్ ఉందో లేదో చూశాకే గోడ కొట్టనివ్వండి. ప్లాస్టరింగ్‌కి ముందు పైపుల ఫొటో తీసి ఉంచుకోండి.

కొటేషన్‌లో ‘మంచి ప్లైవుడ్’ అని రాస్తే ఒప్పుకోవద్దు. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే, గాలిలో ఉప్పూ తేమా. సింకు కింద నీటిని తట్టుకునే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లై, బుట్టలకు తుప్పును తట్టుకునే 304 గ్రేడ్ స్టీలు అని స్పష్టంగా ఉండాలి. సరుకు దిగినప్పుడు ముద్ర మీరే చూడండి. జీఎస్టీ కలిపా, కలపకుండానా అన్నదీ అడగండి.

అక్టోబరులో మాత్రం పని పెట్టుకోకండి. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12నే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. పైకప్పు విప్పిన వంటింట్లో తుపాను వస్తే ప్లై అంతా ఉబ్బిపోతుంది.

డబ్బు పని జరిగినంత వరకే, విడతలుగా ఇవ్వండి. ఆఖరి పదో వంతు మాత్రం సొరుగులన్నీ సామానుతో నింపి లాగి చూసి, సింకు నిండా నీళ్లు పట్టి వదిలి, కింద చెయ్యిపెట్టి తడి లేదని తేలాకే ఇవ్వండి.