కట్టని కోర్టు ఫైన్, తలుపు దగ్గర బెయిలిఫ్: ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళకు సమస్య - పరిష్కారం

ఇంగ్లండ్, వేల్స్‌లో కోర్టు ఫైన్ కట్టకపోతే చివరికి ఇంటికి వచ్చే మనిషిని అందరూ బెయిలిఫ్ అంటారు. కాగితాల మీద మాత్రం ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్ అని ఉంటుంది. మన ఊళ్ళలో కోర్టు అమీను జప్తుకి వచ్చినట్టే. కాకపోతే ఇక్కడ వచ్చేది ఎక్కువగా కోర్టు తరఫున వసూలు చేసే ప్రైవేటు కంపెనీ మనిషి.

వాట్సాప్ గ్రూపులో అడిగితే వచ్చే మొదటి జవాబు "తలుపు తీయకు బ్రో, వాళ్ళే వెళ్ళిపోతారు" అని. కౌన్సిల్ పార్కింగ్ ఫైన్ అయితే ఆ సలహా కొంతవరకు పనిచేస్తుంది. మెజిస్ట్రేట్ కోర్టు ఫైన్‌కి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు, ఎందుకో కింద చెబుతాను. ముందు మీ చేతిలో ఉన్న కాగితం సంగతి తేల్చుకోండి.

సమస్య: ఉత్తరం వచ్చింది, ఏ బాకీయో అర్థం కావట్లేదు

మెజిస్ట్రేట్ కోర్టు ఫైన్ నోటీసు మీద డివిజన్ నంబరు, అకౌంట్ నంబరు ఉంటాయి. ప్రభుత్వ వెబ్‌సైటులో ఫైన్ కట్టేటప్పుడు అడిగేవి ఈ రెండే. వసూలు కంపెనీ పంపిన కాగితమైతే అందులో 'వారెంట్ ఆఫ్ కంట్రోల్' (సామాను జప్తుకి కోర్టు ఇచ్చే ఆదేశం) అనే మాట కోసం, ఏ కోర్టు ఇచ్చిందన్న వివరం కోసం చూడండి.

కౌన్సిల్ వేసిన పార్కింగ్ పీసీఎన్ (పెనాల్టీ చార్జ్ నోటీసు) వేరే దారిలో, నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్ మీదుగా వస్తుంది. దాన్ని సవాలు చేయడానికి టీఈ7, టీఈ9 అనే ఫారాలున్నాయి. సూపర్‌మార్కెట్ కార్ పార్కులో ప్రైవేటు కంపెనీ అంటించిన టికెట్ అసలు ఫైనే కాదు. వాళ్ళు కౌంటీ కోర్టులో గెలిచి, మీరు అప్పటికీ కట్టకపోతేనే బెయిలిఫ్ మాట వస్తుంది. ఎర్ర అక్షరాలతో భయపెట్టే 'డెట్ కలెక్టర్' ఉత్తరాలకైతే జప్తు అధికారమే లేదు. ఫోన్‌కి మెసేజ్ పంపి, లింకు నొక్కి కోర్టు ఫైన్ కట్టమంటే నొక్కొద్దు. డివిజన్ నంబరు ఉన్న కాగితం దగ్గర పెట్టుకుని, ప్రభుత్వ వెబ్‌సైటుకు మీరే వెళ్ళి చూసుకోండి.

స్కాట్లండ్‌లో ఉన్నవాళ్ళకు ఇవేవీ వర్తించవు. అక్కడ షెరిఫ్ ఆఫీసర్లు ఉంటారు, చట్టమూ వేరు.

సమస్య: "నా మీద కేసు ఉన్నట్టే నాకు తెలియదు"

మనవాళ్ళలో ఎక్కువగా వినపడేది ఇదే. కారణం చాలాసార్లు పాత అడ్రసు.

చదువుకునేటప్పుడు ఈస్ట్ హామ్‌లో గది, ఉద్యోగం వచ్చాక లెస్టర్, ప్రాజెక్టు మారితే రెడింగ్. బ్యాంకులో అడ్రసు మారుస్తాం, అమెజాన్‌లో అదే రోజు మారుస్తాం, కారు లాగ్‌బుక్ వీ5సీలో మాత్రం మార్చం. స్పీడ్ కెమెరాకు దొరికితే పోలీసుల ఉత్తరం ఆ లాగ్‌బుక్ అడ్రసుకే 14 రోజుల్లోపు వెళుతుంది. బండి ఎవరు నడిపారో 28 రోజుల్లో జవాబివ్వాలి. ఆ ఉత్తరమేమో పాత ఇంట్లో తలుపు వెనక మ్యాట్ మీద, పిజ్జా షాపు కరపత్రాల కింద పడి ఉంటుంది. దాంతో స్పీడ్ కేసు పక్కన ఇంకో కేసు పుడుతుంది: డ్రైవర్ వివరాలు చెప్పకపోవడం. దానికి లైసెన్సు మీద ఆరు పెనాల్టీ పాయింట్లు, 1,000 పౌండ్ల దాకా ఫైన్. మామూలు స్పీడ్ కేసుకి పడేదాని కంటే చాలాసార్లు ఇదే ఎక్కువ.

2015 నుంచి ఇలాంటి కేసులు సింగిల్ జస్టిస్ ప్రొసీజర్ కింద నడుస్తున్నాయి. ఒక మెజిస్ట్రేటు, ఒక న్యాయ సలహాదారు, కాగితాలు, అంతే. నోటీసుకు 21 రోజుల్లో మీ నుంచి జవాబు రాకపోతే మీరు లేకుండానే తేల్చేస్తారు. ఆదాయం వివరాలు కూడా మీరు ఇవ్వలేదు కాబట్టి వారానికి ఇంత సంపాదిస్తారని కోర్టే ఒక అంకె వేసుకుంటుంది. పార్ట్‌టైమ్ షిఫ్టులతో నెట్టుకొచ్చే స్టూడెంటుకి ఆ లెక్క మోయలేనిది. దాని మీద ఫైన్‌లో 40 శాతం సర్‌చార్జి, పైగా ప్రాసిక్యూషన్ ఖర్చులు. టీవీ లైసెన్సు లేని కేసులు, ఇన్సూరెన్సు లేని కారు కేసులు కూడా ఇదే దారిన వస్తాయి.

ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటుంది. ఈ దేశంలో స్థిరపడిన వాళ్ళకు ఇండియా లైసెన్సు 12 నెలలే చెల్లుతుంది కాబట్టి మనవాళ్ళంతా ఇక్కడ మళ్ళీ టెస్టు రాసి పాసవుతారు. అలా పాసైన రెండేళ్ళలోపు ఆరు పాయింట్లు పడితే లైసెన్సు రద్దవుతుంది. ఆ రద్దు ఉత్తరం కూడా పాత అడ్రసుకే పోతుంది. మీరేమో రోజూ కారులో ఆఫీసుకు వెళ్ళొస్తుంటారు, రోజూ ఒక కొత్త నేరం చేస్తున్నట్టు తెలియకుండా. అందుకే బెయిలిఫ్ నోటీసు చూడగానే టెన్షన్‌తో డబ్బు కట్టేయడం అన్నిసార్లూ సరైన పని కాదు. ఫైన్ కట్టినంత మాత్రాన పాయింట్లు పోవు. ముందు డీవీఎల్ఏ (డ్రైవింగ్ లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైటులో మీ లైసెన్సు స్థితి చూసుకోండి. రద్దయి ఉంటే ఆ క్షణం నుంచి బండి తీయొద్దు.

పరిష్కారం పేరు స్టాట్యుటరీ డిక్లరేషన్. కేసు సంగతి నాకు ముందుగా తెలియదు, ఫలానా రోజున తెలిసింది అని ప్రమాణం చేసి ఇచ్చే కాగితం. తెలిసిన రోజు నుంచి 21 రోజుల్లో ఇవ్వాలి. గడువు దాటితే ఎందుకు ఆలస్యమైందో చెప్పాలి, కారణం సబబుగా ఉంటే కోర్టు ఒప్పుకోవచ్చు. కోర్టులో ప్రమాణం చేస్తే ఖర్చు లేదు. దగ్గర్లోని సొలిసిటర్ ముందు చేస్తే మామూలుగా 5 పౌండ్లు తీసుకుంటారు. ఫారం ప్రభుత్వ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. ఇల్లు మారిన తేదీ తెలిసేలా అద్దె ఒప్పందం, కౌన్సిల్ టాక్స్ బిల్లు దగ్గర పెట్టుకోండి. ఉత్తరం చూసి పక్కన పడేసి ఇప్పుడు 'తెలియదు' అని రాయాలనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. అబద్ధపు ప్రమాణం దానికదే పెద్ద నేరం.

కోర్టు దాన్ని స్వీకరిస్తే తీర్పు, ఫైన్, పాయింట్లు, వారెంటు అన్నీ చెల్లకుండా పోతాయి. ఆ కాగితం కాపీ వసూలు కంపెనీకి వెంటనే పంపి, వసూలు ఆపమని రాతపూర్వకంగా అడగండి. అయితే మీరు నిర్దోషి అని తేలినట్టు కాదు, కేసు మళ్ళీ మొదటికొస్తుంది. ఈసారి మీ మాట వింటారు, మీ అసలు ఆదాయం చూస్తారు, మొదట్లోనే తప్పు ఒప్పుకుంటే ఫైన్‌లో మూడో వంతు తగ్గుతుంది. స్పీడ్ నిజమే అయితే దాన్ని ఒప్పుకుని, డ్రైవర్ వివరాల ఆరోపణ వెనక్కి తీసుకోమని ప్రాసిక్యూటర్‌ను అడగడం ఈ కోర్టుల్లో మామూలే. లైసెన్సు నిలబడేది చాలాసార్లు అక్కడే. ఇంతవరకు వచ్చాక ఒక సొలిసిటర్‌తో మాట్లాడటానికి పెట్టే డబ్బు వృథా కాదు.

రైలు టికెట్ కేసు అయితే ఇంకో కోణం ఉంది. 1889 నాటి రైల్వే చట్టం 5వ సెక్షన్ కింద రైలు కంపెనీలు ఈ సింగిల్ జస్టిస్ పద్ధతిలో వేసిన కేసులు చెల్లవని 2024 ఆగస్టులో చీఫ్ మెజిస్ట్రేట్ పాల్ గోల్డ్‌స్ప్రింగ్ తేల్చారు. అలాంటివి సుమారు 74,000 ఉంటాయని అప్పట్లో లెక్క చెప్పారు. మీ ఫైన్ ఆ కాలం నాటి రైలు కేసుదైతే, కట్టే ముందు ఏ సెక్షనో అడగండి.

సమస్య: కేసు తెలుసు, డబ్బే లేదు

ఫైన్ ఇంకా కోర్టు దగ్గరే ఉంటే కోర్టును అడిగి వాయిదాలు పెట్టించుకోవచ్చు. ఆదాయం, అద్దె, ఖర్చులు నింపే ఎంసీ100 ఫారం ఇందుకే. ఇక్కడ మొహమాటపడకండి. నిజంగా వారానికి ఎంత కట్టగలరో అంతే చెప్పండి, గొప్పకు పోయి ఎక్కువ ఒప్పుకుంటే రెండో వాయిదాకే తప్పుతారు.

వారెంటు వసూలు కంపెనీకి వెళ్ళాక లెక్క మారుతుంది. 2014 ఏప్రిల్‌లో ఈ పద్ధతి మొదలైనప్పుడు కేసు కంపెనీకి చేరగానే 75 పౌండ్లు, మనిషి ఇంటికొస్తే ఇంకో 235, సామాను అమ్మకం దాకా పోతే మరో 110 అని రేట్లు పెట్టారు. మీ నోటీసు మీద వేసిన అంకెను ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్న రేటుతో సరిచూసుకోండి. ఇంటికొచ్చినందుకు ఫీజు ఒక్కసారే, ఎన్నిసార్లు తలుపు కొట్టినా అంతే. నోటీసు ఇచ్చాక ఆదివారాలు, సెలవులు పోను కనీసం ఏడు రోజులు ఆగాకే రావాలి. ఫోన్ చేయాల్సింది ఆ ఏడు రోజుల్లోనే. అప్పుడు వాయిదా కుదిరితే పెద్ద ఫీజు తప్పుతుంది.

అప్పులవాళ్ళ నుంచి 60 రోజులు ఊపిరి పీల్చుకునే బ్రీతింగ్ స్పేస్ పథకం గురించి ఎవరైనా చెబితే ఆశపడకండి. క్రిమినల్ కోర్టు ఫైన్లు దాంట్లోకి రావు. సిటిజన్స్ అడ్వైస్, నేషనల్ డెట్‌లైన్ సలహా మాత్రం ఉచితమే.

సమస్య: మనిషి ఇప్పుడు తలుపు దగ్గరే ఉన్నాడు

రావాల్సిన వేళలు ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు. తలుపు గొలుసు తీయకుండా, లేదా పై కిటికీలోంచి మాట్లాడండి. ఐడీ, వారెంటు వివరాలు చూపించమనండి. ఏజెంట్ల సర్టిఫికెట్లను ఆన్‌లైన్ రిజిస్టరులో పేరుతో వెతకొచ్చు. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు. కిటికీలు ఎక్కి రాకూడదు, మిమ్మల్ని నెట్టకూడదు. ఇంట్లో 16 ఏళ్ళ లోపు పిల్లలు మాత్రమే ఉంటే లోపలికే రాకూడదు.

కానీ ఇది కోర్టు ఫైన్. కౌన్సిల్ పార్కింగ్ బాకీకి మొదటిసారి వచ్చినప్పుడు తలుపు తెరిపించే అధికారం ఉండదు. మెజిస్ట్రేట్ కోర్టు ఫైన్‌కి తగినంత బలం వాడి, తాళాలు తీసే మనిషిని పెట్టి లోపలికి వచ్చే అధికారాన్ని చట్టం ఇచ్చింది. మామూలుగా అంతదాకా పోరు, అయినా ఆ అధికారం ఉంది. పైగా వసూలు కాక వెనక్కి వెళితే కోర్టు అరెస్టు వారెంటు కూడా ఇవ్వొచ్చు. అందుకే తలుపు మూసినా మాట ఆపకండి. కట్టగలిగినంత కార్డుతో కట్టి రసీదు తీసుకోండి, మిగతాదానికి వాయిదా అడగండి.

బట్టలు, పరుపులు, పొయ్యి, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఒక ఫోను ముట్టుకోకూడదు. ఉద్యోగానికి కావాల్సిన పనిముట్లు, ల్యాప్‌టాప్‌తో సహా, మొత్తం 1,350 పౌండ్ల విలువ వరకు వదలాలి. లోపలికి వచ్చి సామాను జాబితా రాసి సంతకం అడిగితే చదవకుండా పెట్టొద్దు. ఆ ఒప్పందం తప్పితే వాళ్ళు మళ్ళీ వచ్చి ఆ సామాను పట్టుకెళ్ళొచ్చు.

సమస్య: వచ్చింది నా కోసం కాదు

షేరింగ్ ఇళ్ళలో ఇది రోజువారీ గొడవ. "సాయి ఉన్నాడా?" అని అడిగితే, ఇంట్లో ముగ్గురు సాయిలు! పేరు విని "నేనే" అనేయకండి. వారెంటు మీదున్న పూర్తి పేరు, పాత అడ్రసు, పుట్టినరోజు అడగండి. ముందు అద్దెకున్న వాళ్ళ బాకీ అయితే మీ అద్దె ఒప్పందం కాపీ చూపించి, అదే రోజు కంపెనీకి మెయిల్ చేయండి. రూమ్మేట్ ఫైన్‌కి మీ టీవీ రాసుకుంటే ఏడు రోజుల్లోపు 'ఇది నాది' అని బిల్లుతో సహా రాతపూర్వకంగా క్లెయిమ్ చేయాలి. అమెజాన్ ఆర్డర్ హిస్టరీ ఇలాంటప్పుడే పనికొస్తుంది.

సమస్య: కారుకి క్లాంప్ (చక్రం కదలకుండా తాళం) వేశారు

రోడ్డు మీదున్నా వేయొచ్చు. తీసుకెళ్ళే ముందు మామూలుగా రెండు గంటలు ఆగాలి. ఫైనాన్సు మీదున్న హైర్ పర్చేజ్ కారు ఇంకా మీది కాదు కాబట్టి ఆ ఒప్పందం కాగితం వెంటనే చూపించండి. బ్లూ బ్యాడ్జ్ ఉన్న వికలాంగుల బండిని పట్టుకోకూడదు.

సమస్య: కట్టేశాను, ఇప్పుడు వీసా సంగతి?

కోర్టుకు వెళ్ళకుండానే కట్టేసిన ఫిక్స్‌డ్ పెనాల్టీ నేర నిర్ధారణ కింద రాదు. కోర్టు వేసిన ఫైన్ వస్తుంది, చిన్నదైనా సరే. వీసా, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి), పౌరసత్వం ఫారాల్లో ఈ ప్రశ్న అడుగుతారు. చిన్న ఫైన్ కంటే దాన్ని దాచడమే అక్కడ పెద్ద తప్పవుతుంది. తేదీ, కోర్టు పేరు, కట్టిన మొత్తం రాసి రసీదు జత చేయండి. డిక్లరేషన్‌తో తీర్పు చెల్లకుండా పోయి ఉంటే, కోర్టు ఇచ్చిన ఆ కాగితం ఒరిజినల్‌ను పాస్‌పోర్టుతో పాటే దాచుకోండి.