బీపీ ఉండి బిడ్డను పోగొట్టుకున్నాక, మళ్లీ నెల తప్పే ముందు

ముందుగా మీరు వేసుకునే బీపీ మాత్రల స్ట్రిప్పు తిప్పి మందు పేరు చదవండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్‌లలో ఏది కనిపించినా, గర్భం కోసం ప్రయత్నించకముందే డాక్టరును కలవాలి. ఇవి కడుపులోని బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిస్తాయి. బదులుగా సాధారణంగా లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపాలలో ఒకటి రాస్తారు. మీ అంతట మీరు మాత్ర మానేయకండి, బీపీ ఎగబాకుతుంది. కొత్త మందు మోతాదు కుదరడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. నెల తప్పాక చూసుకుందాంలే అనుకుంటే ఆ వారాలు బిడ్డ ఖాతాలోంచే పోతాయి.

నాకు ఏడో నెలలో బిడ్డ దక్కలేదు. చెన్నై పెరంబూరులోని మా ఇంటికి పరామర్శకు వచ్చిన ప్రతి పిన్నీ "త్వరగా ఇంకొకరిని కనేయమ్మా" అనే వెళ్లింది. "డాక్టరు సరే అన్నాక, పిన్నీ" అనే జవాబు నేర్చుకోండి. మళ్లీ ప్రశ్న రాదు. వచ్చినా అదే జవాబు. ఎన్ని నెలలు ఆగాలనేది గర్భం ఏ నెలలో పోయింది, సిజేరియన్ అయిందా, బీపీ అదుపులోకి వచ్చిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆ వ్యవధిలో పరీక్షలు ముగించండి: మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), షుగరు, థైరాయిడ్, డాక్టరు చెబితే గుండె స్కానింగ్. యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష (రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీల కోసం చూసేది) రాస్తే తొందరపడాలి. అది పాజిటివ్ వస్తే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేయాలి. పాత డిశ్చార్జి కాగితాలు చూడబుద్ధి కాదు, నిజమే. వాటిని తీసి ఫైల్లో పెట్టే పని మా ఆయనకు అప్పగించాను. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు మామూలు. మీకు ఎక్కువ కావాలంటే డాక్టరే చెబుతారు.

ఇంట్లో బీపీ మిషను తప్పనిసరి. పట్టీ చేతికి సరిపోవాలి, బిగుతైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలపై పెట్టి, చేయి గుండె ఎత్తులో ఉండేలా బల్లపై ఉంచి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాయండి. ఫిల్టర్ కాఫీ తాగి, మూడంతస్తులు ఎక్కివచ్చి చూసుకుంటే ఆ అంకె కాఫీదీ మెట్లదీ.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే టీ చెంచాడు లోపే. చెన్నైలో మనకు అది రెండు వైపుల నుంచీ వస్తుంది: ఊరి నుంచి గోంగూర పచ్చడి జాడీ, ఇక్కడి సాంబారు పక్కన అప్పడం, ఊరమిరపకాయ. నేను పచ్చడి వదల్లేదు, అప్పడం వదిలాను. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా కొనకండి, అవి బీపీని పెంచుతాయి.

నెల తప్పిన వారంలోనే డాక్టరుకు చెప్పండి. బీపీ ఉన్నవారికి చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను సాధారణంగా 12 వారాలు నిండాక, 16 లోపు మొదలుపెడతారు. ఆలస్యంగా వెళితే ఆ అదను దాటిపోతుంది. బీపీ 140/90 దాటితే డాక్టరుకు ఫోను చేయాలి. 160/110 చేరితే ఫోను కోసం ఆగకుండా ఆసుపత్రికి, బండి లేకపోతే 108కి. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, ముఖం ఉబ్బడం ఉంటే అంకె ఎంత ఉన్నా సరే బయలుదేరండి.