టేబుల్ సా మీద డేడో కట్టర్‌తో గాడి తీసే పద్ధతి, పాటించవలసిన జాగ్రత్తలు

పుస్తకాల అలమరలో అడ్డపలక, అంటే అర, ఏళ్ల తరబడి కిందికి జారకుండా నిలవాలంటే, దాన్ని స్క్రూలతో బిగించడం కంటే పక్క పలకల్లో గాడి తీసి అందులో కూర్చోబెట్టడం మేలు, ఎందుకంటే అప్పుడు బరువంతా గాడి అంచు మీద పడుతుంది. అలాంటి గాడిని చదునైన అడుగుతో ఒకే కోతలో తీయగలిగేది, టేబుల్ సాకు (బల్ల మధ్యలోంచి గుండ్రని రంపపు బ్లేడ్ పైకి వచ్చే యంత్రానికి) బిగించే డేడో కట్టర్. ఇందులో రెండు వైపులా రెండు బ్లేడ్లు, వాటి మధ్య చెక్కను తొలిచే చిప్పర్లు అనే పళ్ల బిళ్లలు, వెడల్పును సరిచేయడానికి షిమ్ అనే పలుచని బిళ్లలు ఉంటాయి.

గాడి చెక్కకు అడుగువైపున పడుతుంది కాబట్టి కోస్తున్నంతసేపూ కట్టర్ కంటికి కనిపించదు. పైగా ఈ పనికి బ్లేడ్‌ను కప్పే గార్డునూ, చెక్క బ్లేడ్‌ను నొక్కి పట్టకుండా దాని వెనుక నిలబడే రైవింగ్ నైఫ్ అనే రేకునూ సాధారణంగా తీసేయవలసి వస్తుంది. కట్టర్ వెడల్పు ఎక్కువ కావడం వల్ల అది చెక్కను వెనక్కి తన్నే బలం కూడా ఎక్కువే. అందుచేత యంత్రం ఇచ్చే రక్షణ తగ్గినంత మేరా మన అమరికలో రక్షణ పెరగాలి.

ముందుగా మీ యంత్రం డేడో సెట్టును, అంటే ఈ కట్టర్ భాగాలన్నిటినీ కలిపి, తీసుకుంటుందో లేదో దాని మాన్యువల్‌లో చూడండి. ఐరోపా ప్రమాణాలతో తయారైన చాలా యంత్రాల్లోనూ, పనిచోటికి మోసుకెళ్లే కొన్ని చిన్న జాబ్‌సైట్ యంత్రాల్లోనూ ఆర్బర్ (బ్లేడ్‌ను ఎక్కించే ఇరుసు) పొట్టిగా ఉంటుంది కాబట్టి అవి ఈ సెట్టుకు పనికిరావు. 10 అంగుళాల టేబుల్ సాకు 8 అంగుళాల సెట్టును మించి వాడకూడదు. కట్టర్ మీద ముద్రించిన గరిష్ఠ వేగం మీ యంత్రం వేగం కంటే ఎక్కువగా ఉండాలి. మన దగ్గర చాలా పనిచోట్ల మార్బుల్ కట్టర్‌నో యాంగిల్ గ్రైండర్‌నో ప్లైవుడ్ బల్ల కింద తిరగేసి బిగించి టేబుల్ సాలాగా వాడుతున్నారు. వాటిలో చాలావరకు నిమిషానికి 10,000 చుట్లకు పైగా తిరుగుతాయి కాబట్టి వాటికి ఈ కట్టర్లను ఏ పరిస్థితిలోనూ బిగించకూడదు. అమెరికాలో గరాజీలో వడ్రంగం చేసుకునే తెలుగువారిలో సాస్టాప్ (వేలు తగలగానే బ్లేడ్‌ను ఆపేసే టేబుల్ సా) ఉన్నవారు, బ్లేడ్‌ను ఆపే మామూలు బ్రేక్ కార్ట్రిడ్జ్ తీసి, 8 అంగుళాల డేడో సెట్టు కోసం విడిగా అమ్మే కార్ట్రిడ్జ్ పెట్టుకోవాలి.

బిగించే ముందు ప్లగ్ పీకేయండి. లోపలి బ్లేడ్, చిప్పర్లు, బయటి బ్లేడ్ అనే వరుసలో ఎక్కిస్తూ, ప్రతి చిప్పర్ పళ్లూ పక్క బ్లేడ్ పళ్ల మధ్య ఖాళీలోకి వచ్చేటట్టు తిప్పి పెట్టండి, ఎందుకంటే కార్బైడ్ (గట్టిదే అయినా పెళుసైన పదార్థం) పన్ను కార్బైడ్ పన్నుకు ఆనితే అది పగిలి ఎగిరే ప్రమాదం ఉంది. చిప్పర్లన్నీ ఒకే దిక్కున ఉంటే సెట్టు అదురుతుంది కనుక వాటిని చుట్టూ సమానంగా పంచండి. నట్టు మరలన్నీ ఆర్బర్‌కు పూర్తిగా పట్టాలి. పట్టకపోతే ఒక చిప్పర్ తగ్గించి, వెడల్పు గాడిని రెండు కోతల్లో తీయండి. ఆ తర్వాత బ్లేడ్ చుట్టూ బల్లలోని ఖాళీని మూసే, డేడో కోసం తయారైన వెడల్పు మూతపలకను అమర్చి, కట్టర్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకోండి.

18 మి.మీ. అని అమ్మే ప్లైవుడ్ తరచుగా అంతకంటే కొంచెం పలుచగా ఉంటుంది. కాబట్టి వెర్నియర్‌తో అసలు మందం కొలిచి, అదే ప్లైవుడ్ తునకలో గాడి తీసి, అర ఆ గాడిలోకి చేత్తో నొక్కితే దిగేంతవరకు షిమ్‌లతో సరిచేయండి. 18 మి.మీ. పలకకు 6 మి.మీ. లోతు చాలు. టేకు వంటి గట్టి చెక్కలో ఆ లోతును 3 మి.మీ. చొప్పున రెండు విడతల్లో తీయడం క్షేమం.

కోసేటప్పుడు కట్టర్ గీతకు ఒక పక్కగా నిలబడండి. చెక్క నార వెంట గాడి తీస్తే పలకను ఫెన్స్‌కు (బ్లేడ్‌కు సమాంతరంగా బల్ల మీద ఉండే దారి పట్టీకి) ఆనించి, ఫెదర్‌బోర్డులతో (దువ్వెనలా చీలికలున్న చెక్కలతో) పక్కనుంచీ పైనుంచీ అదిమి ఉంచాలి, ఎందుకంటే పలక వంగి పైకి లేస్తే గాడి లోతు తగ్గడమే కాక చెక్క వెనక్కి తన్నవచ్చు. నారకు అడ్డంగా సన్నని పలకను కోస్తే మైటర్ గేజ్ (బల్ల మీది గాడిలో జారుతూ పలకను అడ్డంగా తోసే పరికరం) వాడి, దానికి ఒక చెక్క వెన్ను బిగించండి, అంచు చిట్లదు. మైటర్ గేజ్‌నూ ఫెన్స్‌నూ కలిపి వాడరాదన్న నియమం చెక్క రెండు ముక్కలయ్యే కోతకు సంబంధించినది, ఎందుకంటే అక్కడ తెగిన ముక్క ఫెన్స్‌కూ బ్లేడ్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. గాడిలో తెగి పడే ముక్క ఉండదు కాబట్టి, ఇక్కడ ఫెన్స్‌ను హద్దుగా వాడవచ్చు.

చేతుల విషయం మరింత శ్రద్ధగా చూడాలి. పలకను తోసేటప్పుడు బొటనవేలిని దాని వెనుక అంచుకు కిందికి వంచి పట్టడం చాలామందికి అలవాటు. ఆ అంచు కట్టర్ మీదుగా సాగే క్షణంలో పళ్లు సరిగ్గా అక్కడే బయటికి వస్తాయి. కట్టర్ గీత మీద అరచేయి పెట్టవద్దు. అడుగున రబ్బరు ఉన్న పుష్ బ్లాకులతోనే (పిడి ఉన్న తోపుడు దిమ్మెలతోనే) తోయండి. చేతితొడుగులు వద్దు, చేతికి కట్టుకున్న దారాలు, కంకణాలు, జారే చొక్కా చేతులు ముందే తీసేయండి, లేదా మడిచి కట్టండి. రక్షణ కళ్లద్దాలు, చెవి రక్షణ తప్పనిసరి.

తిరుగుతున్న కట్టర్ మీదికి పలకను దించి మధ్యలో గాడి మొదలుపెట్టే ప్రయత్నం చేయవద్దు. చివర దాకా రాని గాడికి రూటర్ (తిరిగే ములుకుతో గాడి తొలిచే చేతి యంత్రం) వాడండి. అంచున మెట్టు తీయవలసి వస్తే ఫెన్స్‌కు ఒక చెక్క పట్టీ బిగించి, కట్టర్‌లో అవసరంలేని భాగాన్ని దానిలో దాచండి.

బరువైన సెట్టు స్విచ్ ఆపాక కూడా చాలాసేపు తిరుగుతుంది. అది పూర్తిగా ఆగే దాకా పలకను గానీ పొట్టును గానీ తాకవద్దు. గాడి పని అయిన వెంటనే సెట్టు విప్పి, మామూలు బ్లేడ్‌తో పాటు రైవింగ్ నైఫ్‌నూ గార్డునూ మళ్లీ బిగించిన తర్వాతే మిగిలిన కోతలకు యంత్రాన్ని నడపండి.