గంటలు కూర్చున్నా పేజీ కదలడం లేదా?

సమస్య: పోటీ పరీక్షకు చదువుదామని పొద్దున్నే హైదరాబాద్‌లోని చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి సీటు పట్టుకున్నారు. సాయంత్రానికి చూస్తే పాలిటీలో, అంటే రాజ్యాంగం సబ్జెక్టులో, ఐదు పేజీలు. ఆర్టికల్ 14తో మొదలుపెట్టి 19లోని ఆరు స్వేచ్ఛల దాకా వచ్చేసరికి ఫోన్ టింగుమంది. ఎవరివో పెళ్లి ఫొటోలు. చూసి రెండు నిమిషాల్లో వచ్చేశారు. కానీ ఆరింట్లో ఒక్క స్వేచ్ఛా గుర్తు రావడం లేదు. మళ్లీ 14 నుంచి.

గ్రూప్-2కి చదివిన రోజుల్లో నా నోట్సులో ఆ మొదటి పేజీ ఒక్కటే నలిగిపోయి ఉండేది, వెనక పేజీలు కొత్తగానే ఉండేవి. నా బుర్ర ఇంతేనా అని ఏడ్చిన రాత్రులున్నాయి. తప్పు బుర్రది కాదు.

కారణం: పని సగంలో వదిలి ఇంకోదానికి మారితే మనసు కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. అందుకే రెండు నిమిషాల ఫోన్ రెండు నిమిషాలతో పోదు. కళ్లు పుస్తకం మీదుంటాయి, మనసు పెళ్లి ఫొటోల్లో ఉంటుంది.

పరిష్కారం: లేవక తప్పదంటే, లేచే ముందు మార్జిన్‌లో ఒక్క లైను రాయండి: "మూడు స్వేచ్ఛలు అయ్యాయి, నాలుగోది దేశమంతా తిరిగే హక్కు." తిరిగొచ్చాక అక్కడి నుంచే అందుకోవచ్చు.

సమస్య: నోటిఫికేషన్లన్నీ ఆపేసినా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్తోంది.

కారణం: అలవాటు, దానికి తోడు అంతులేని ఫీడ్. జరిపేకొద్దీ వస్తూనే ఉండే స్క్రోల్‌ను 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత దాని గురించి బహిరంగంగానే బాధపడ్డారు. పేజీకి చివరంటూ ఉంటే అక్కడ ఆగుతాం. ఇక్కడ ఆ చివరే లేదు.

పరిష్కారం: ఫోన్ బోర్లా పెడితే చాలదు, రూములోనే వదిలి వెళ్లండి. టెలిగ్రామ్‌లో మెటీరియల్ వస్తుంది కదా అంటారా? రాత్రి ఎనిమిదికి ఒకసారి చూసి, కావాల్సింది ప్రింట్ తీసుకోండి. లైబ్రరీలో ఉండే టైము ఇంట్లో చెప్పి ఉంచితే అమ్మానాన్నలకూ టెన్షన్ ఉండదు.

సమస్య: "ఈసారి కాదులే, వచ్చేసారి రాద్దాం" అనిపిస్తోంది.

కారణం: వృథా అయిన రోజు ఎక్కడా కళ్లకు కనిపించదు.

పరిష్కారం: చదివిన పేజీల లెక్క రోజూ గోడ క్యాలెండర్‌లో వేయండి. గంటలు కాదు, పేజీలు. మొదటి వారం చెయ్యి జేబు తడుముతూనే ఉంటుంది. మూడో వారంలో నేను ఆర్టికల్ 32 దాటాను.